అంటని గోళ్లు

మంజుశ్రీ కుడిచేతిని తువ్వాలు మీద పెట్టింది మంజుశ్రీ కాదు, ఆమె అత్త. కోడలి మణికట్టు పట్టుకుని, బేరానికి తెచ్చిన వస్తువును బల్ల మీద పెట్టినట్టు పెట్టి, "చూడు ప్రమోదా, గీ చేతికి జర మంచిగ పెట్టాలె" అంది హైమవతి.

ప్రమోద బల్ల దీపాన్ని కిందికి వంచి చూసింది. బొటనవేలు మామూలుగానే ఉంది. మిగతా నాలుగు వేళ్ల గోళ్లూ నల్లబడి ఉన్నాయి. గోటికింద రక్తం గడ్డకట్టి, అంచుల దగ్గర ఊదారంగుకు తిరిగింది. చూపుడువేలి గోరు మొదట్లో వాపు ఇంకా తగ్గలేదు. నాలుగు గోళ్ల మీదుగా, స్కేలు పెట్టి గీసినట్టు, అడ్డంగా ఒకే నొక్కు.

పంజాగుట్ట చౌరస్తా దగ్గర రెండో అంతస్తులో ఉన్న ఆ నెయిల్ స్టూడియోలో ప్రమోద చూడని చేయి లేదు. కొరికిన గోళ్లు, పుచ్చిన గోళ్లు, అంట్లు తోమి అరిగినవి, మెహందీతో పండినవి, అన్నీ ఆ తువ్వాలు మీదికి వచ్చినవే. ఇలాంటి చేయి మాత్రం రాలేదు.

"ఏమైంది మేడమ్?" అని హైమవతినే అడిగింది.

"కారు డోర్ పడ్డది. పరాకు పిల్ల, ఏం జేస్తం."

మంజుశ్రీ కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఫ్లైఓవర్ మీద బండ్లు ఆగిపోయి, ఒకటే హారన్లు. ప్రమోద చూపుడువేలి గోటిని తన వేలి కొసతో తాకీ తాకనట్టు తాకింది. మంజుశ్రీ మొహంలో ఏ మార్పూ లేదు. బల్ల కింద మాత్రం ఆమె కాలివేళ్లు చెప్పుల్లో ముడుచుకుపోయాయి.

"దీని మీద పెట్టొద్దు మేడమ్" అంది ప్రమోద చేయి వదిలేసి. "పెట్టుడు గోరు నిలవాలంటె కింది గోటిని రుద్దాలె, గీకాలె. దెబ్బ తగిలిన గోరు తట్టుకోదు. గట్టిగ అంటినంక దేనికన్న తగిలిందంటె, పైదానితోటి కిందిది సుత లేసొస్తది. ముందుగాల డాక్టర్‌కు చూపెట్టుండ్రి."

"చూపెట్టినం. ఏం గాదన్నడు." హైమవతి గొంతు మెత్తగానే ఉంది. "ఆదివారం మా బిడ్డ ఎంగేజ్‌మెంట్. సిరిసిల్ల నుంచి దీని అవ్వ, బాపు వస్తుండ్రు. గీ చెయ్యి చూస్తె ముసలోళ్లకు ఫికరు గాదా? అందుకోసమే అంటున్న."

లోపలి గదిలోంచి స్టూడియో యజమానురాలు దివ్యశ్రీ వచ్చింది. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. నవ్వుతూనే హైమవతికి నమస్కారం పెట్టి, ప్రమోదను రంగుసీసాల అల్మారా పక్కకు తీసుకెళ్లింది.

"ఏంటి ప్రమోదా, ఆంటీగారికి కాదంటావేంటి? అమీర్‌పేటలో వాళ్ల చీరల షోరూమ్‌కి వచ్చే ఆడవాళ్లంతా మన దగ్గరికే వస్తున్నారు. మొన్న వేరే అమ్మాయి పెట్టిన గోళ్లు ఓ పెళ్లికూతురికి ఊడిన గొడవే ఇంకా చల్లారలేదు. నువ్వు పెడితే ఊడవని, నీ పేరు చెప్పి మరీ అడిగారావిడ."

"గోళ్లు చూసిండ్రా మేడమ్ మీరు?"

"చూశాను." దివ్యశ్రీ ఒక సీసా తీసి మళ్లీ అక్కడే పెట్టింది. "మనం పోలీసులం కాదు. గోళ్లు పెట్టేవాళ్లం. శనివారం మధ్యాహ్నం రమ్మని చెప్పు."

ప్రమోద వెళ్లి చెప్పింది. హైమవతి లేచి మళ్లీ ఆ మణికట్టే పట్టుకుంది. మెట్లు దిగుతున్నంతసేపూ వదల్లేదు.

*

గురువారం దివ్యశ్రీ భోజనానికి వెళ్లిన వేళ ఒకాయన గాజు తలుపు తోసుకుని వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో కారు తాళం. మగవాళ్లు ఆ స్టూడియోకి వస్తే భార్య కోసమో చెల్లెలి కోసమో గుమ్మం దగ్గరే నిలబడతారు. ఇతను తిన్నగా వచ్చి ప్రమోద బల్ల ముందు కస్టమరు కుర్చీలో కూర్చున్నాడు.

"మీరేనా ప్రమోద? అమ్మ చెప్పింది. నేను దుర్గేష్. మంజుశ్రీ హస్బెండ్‌ను."

"చెప్పుండ్రి సార్."

"ఏం లేదు, గీ తోవల పోతున్న. ఒకమాట అడిగి పోదామని." బల్ల మీదున్న గోళ్లు అరగదీసే ఫైలు తీసి, దాని గరుకును బొటనవేలితో చూశాడు. "ఎన్ని దినాలు ఉంటయి గివి?"

"మంచిగ పెడితె మూడు వారాలు ఉంటయి సార్."

"మంచిగ అంటె?"

నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. పని గురించి అడిగితే ప్రమోద చెప్పకుండా ఉండలేదు. "కింది గోటిని తయారుచేసుట్లనే ఉంటది సార్ అంత. జిడ్డు ఉండొద్దు, తడి ఉండొద్దు. గోటి మీదికి పాకిన పల్చటి తోలు ఉంటది, దాన్ని మొత్తం తీసెయ్యాలె. ఇగ మెరుపు పోయేదాక రుద్దాలె. నునుపు మీద ఏదీ అంటదు. ఊడిందంటె అది పై గోరు తప్పు గాదు, కింద తయారీ తప్పు."

దుర్గేష్ తల ఊపాడు. "మస్తు చెప్పిండ్రు. మనుషులు సుత గంతే. మెరుపు పోయేదాక రుద్దాలె. గప్పుడే అంటుకొని ఉంటరు."

అని నవ్వాడు. మంచి నవ్వే. చూసేవాళ్లెవరైనా నెమ్మదస్తుడనుకుంటారు. ప్రమోద తువ్వాలు మడత సరిచేస్తూ, "గాయం మీద రుద్దితె మస్తు నొప్పి పుడ్తది సార్. ఇంకో వారం ఆగితె…" అంది.

"తనకు ఓపిక ఎక్కువ. లేకుండె, ఇప్పుడిప్పుడు నేర్చుకుంటుంది." ఫైలును ఉన్నచోట ఉన్నట్టే పెట్టి లేచాడు. "ఆదివారం మాత్రం ఒక్కటి సుత ఊడొద్దు. మా మామ జర నాజూకు మనిషి. బిడ్డ అంటె పానం."

గుమ్మం దగ్గర ఆగి, గాజు తలుపును నెమ్మదిగా లాగి, చప్పుడు కాకుండా చట్రంలో కూర్చునేదాకా చూశాడు. మళ్లీ తెరిచి తల లోపలికి పెట్టాడు.

"గీ డోర్ జర టైట్ ఉంది. చూస్కొని వేసుకోండి. వేళ్లు పడతయి."

అతను వెళ్లాక వచ్చిన కస్టమరు చేతికి ప్రమోద ఒకే వేలిని రెండుసార్లు ఫైలు చేస్తుంటే ఆవిడే చేయి లాక్కుంది.

ఆ సాయంత్రం సనత్‌నగర్‌లో ఇంటికి వచ్చి తల్లి బుచ్చమ్మకు చెప్పింది. బుచ్చమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ విన్నది. "ఎవ్వల ఇంట్ల ఏమున్నదో మనకేం ఎర్కనే బిడ్డా. పెద్దోళ్లతోటి మనకెందుకు? నీ పని నువ్వు జేసుకొని రా" అంది. చాటలో చేయి కదపడం ఆపి, "నాలుగు వేళ్లకు సుతనా?" అని అడిగింది.

"నాలుగు."

బుచ్చమ్మ మళ్లీ చాట మీదికి వంగింది కానీ రాయి ఒక్కటీ తీయలేదు.

*

శనివారం హైమవతి కోడలి పక్కనే స్టూలు వేయించుకుని కూర్చుంది. ఎడమచేయి పూర్తయ్యేదాకా కదల్లేదు. దానికి ప్రమోద రోజూ చేసినట్టే చేసింది. గోటిచుట్టూ తోలును మెత్తబరిచే మందు రాసి, పుషర్‌తో తోలును వెనక్కి నెట్టి, గోటికంటిన పొరను కొసతో గీకి, బఫర్‌తో మెరుపు తీసి, పొడి దులిపి, తేమ లాగేసే మందు పూసి, దాని మీద గోటిని పట్టి ఉంచే ప్రైమర్ రాసి, జెల్ పెట్టి, పెట్టుడు గోటిని ఒక కొస నుంచి గాలి చొరబడకుండా వాల్చి నొక్కి పట్టి, దీపం కింద పెట్టించింది. ఐదు గోళ్లూ ఆమె వేళ్లకే మొలిచినట్టు కూర్చున్నాయి.

"గిదీ పని అంటె" అంది హైమవతి.

అప్పుడు దివ్యశ్రీ వచ్చి, "ఆంటీగారూ, రేపంతా నిలబడాల్సింది మీరే. ఆ కాళ్లకు కాస్త పెడిక్యూర్ చేయిస్తాను రండి" అంది. హైమవతి ఒప్పుకోలేదు. దివ్యశ్రీ మరీ మరీ అడిగాక లేచింది. పెడిక్యూర్ కుర్చీ అవతలే ఉంది, మధ్యలో సగం ఎత్తు మసక గాజు అడ్డు. అక్కడి నుంచి కోడలి నెత్తి కనిపిస్తుంది. మాట కూడా వినిపిస్తుంది.

ప్రమోద గోళ్లు రుద్దే డ్రిల్లు ఆన్ చేసింది. కందిరీగ రొద మొదలైంది. దాన్ని గోటికి ఆనించకుండా గాలిలోనే తిప్పుతూ, తల వంచి, "నేను తాకిస్తలేను. భయపడకు" అంది.

మంజుశ్రీ మొదటిసారి ఆమె కళ్లలోకి చూసింది. పాతికేళ్లు ఉండవు.

"అక్కా, నువ్వు పెడితె ఊడయంట గద."

"ఊడయ్."

"ఊడేటట్టు పెట్టరాదా?"

ప్రమోద చేయి ఆగింది. రొద మాత్రం ఆగనివ్వలేదు. "ఏమైంది చెల్లె గీ చేతికి?"

"బాత్రూమ్ తలుపు." మంజుశ్రీ పెదాలు కదులుతున్నట్టు కూడా లేవు. "ఒకలు చెయ్యి పట్టుకున్నరు. ఒకలు తలుపేసిండ్రు."

ప్రమోద గాజు అడ్డు మీదుగా చూసింది. హైమవతి కాళ్లు గోరువెచ్చని నీళ్లలో పెట్టుకుని, తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని ఉంది. ఇందాకటిదాకా ఈ మణికట్టు పట్టుకున్న చేయి కుర్చీ చేతి మీద చల్లగా విశ్రాంతి తీసుకుంటోంది.

"పెండ్లికి ముందు ఈడనే అమీర్‌పేటల కంప్యూటర్ కోర్సు నేర్చుకున్న అక్కా. ఆళ్లకు చెప్పకుంట ఇంటర్వ్యూకు పోయొచ్చిన. జాబ్ వచ్చిందని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. గీ చేతితోనే గద టైపు కొడ్తవ్ అన్నడు. ఫోన్ ఇప్పుడు ఆయన తానే ఉంటది."

"మీ అవ్వకు చెప్పకపోయినవా?"

"అంతకుముందు ఒకసారి కొట్టినప్పుడు చెప్పిన. సర్దుకోమన్నది. బాపుకు చెప్పనియ్యలె. బాపు ఎవ్వలేం జెప్పినా నమ్ముతడు. కారు డోర్ అంటె కారు డోరే అనుకుంటడు." మంజుశ్రీ తన నల్లగోళ్ల వైపు చూసింది. "చెప్తె గాదక్కా. చూడాలె."

"ఊడినంక ఇంట్ల నిన్ను ఏం జేస్తరో…"

"ఊడకపోతె ఏం జేస్తరో నాకెర్క."

అవతల నుంచి హైమవతి గొంతు వచ్చింది. "ఏం ముచ్చట్లు పెడుతుండ్రు?"

"నొప్పి అయితుందా అని అడుగుతున్న మేడమ్" అంది ప్రమోద.

డ్రిల్లు పక్కన పెట్టింది. ఇక పని మొదలుపెట్టాలి. ఇన్నేళ్లలో ఆమె ఒక్క గోటికి కూడా కావాలని తప్పు చేయలేదు. ఊడిందన్న మాట వస్తే అన్నం సహించని మనిషి. పుషర్ అందుకుంటే వేళ్లు వాటంతట అవే గోటి మొదటికి పోతున్నాయి. వాటిని ఆపడమే కష్టమైంది. తోలును నెట్టినట్టే నెట్టి వదిలేసింది. బఫర్‌ను తిరగేసి, అరిగి నున్నబడిపోయిన వైపుతో నాలుగు గోళ్లనూ దూదితో అద్దినట్టు రుద్దింది. మామూలుగా అన్నీ అయ్యాక చివర్లో రాసే నూనె సీసాను మోకాళ్ల మధ్య పెట్టుకుని మూత తీసింది. గోటికొక బొట్టు చొప్పున పెట్టి, తన బొటనవేలితో మెల్లగా అదిమింది. నల్లటి గోళ్లు మెరిశాయి. తుడిచీ తుడవనట్టు తుడిచింది. ప్రైమర్ సీసాలోంచి తీసిన కుంచెను అంచుకు ఒత్తి పొడిచేసి, ఉత్త కుంచెనే నాలుగు గోళ్ల మీదా తిప్పింది. పక్కనుంచి ఎవరు చూసినా పనంతా పనిలాగే ఉంది.

జెల్ పెట్టి నాలుగు గోళ్లూ వాల్చి నొక్కింది. దీపం కింద చేయి పెట్టగానే వేడికి మంజుశ్రీ కాలివేళ్లు మళ్లీ ముడుచుకున్నాయి. ప్రమోద ఆమె చేతిని బయటికి తీసి, చల్లబడేదాకా ఊది, మళ్లీ పెట్టింది. నల్లదనం కనిపించకుండా ముదురు ఎరుపు రంగు వేసింది.

హైమవతి తడికాళ్లతోనే వచ్చింది. కోడలి చేతిని వెలుతురుకు ఎత్తి చూసింది. ఆ తర్వాత, ప్రమోద అనుకోనిది, ఒక్కొక్క గోటి కొసనూ తన రెండువేళ్లతో పట్టుకుని లాగింది. చూపుడువేలు. నడిమివేలు. ఉంగరపువేలు దగ్గర మంజుశ్రీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఒక్కటీ కదల్లేదు.

"గట్టిగున్నయి" అంది హైమవతి తృప్తిగా.

*

ఆదివారం పొద్దున ప్రమోద ఫోన్ మోగింది. దివ్యశ్రీ.

"ఏంటి ప్రమోదా ఇది? ఉంగరపు వేలుది లేచిందట! నువ్వు పెట్టిన గోరు! ఆవిడ ఎలా మాట్లాడారో తెలుసా? సామాను తీసుకుని ఫంక్షన్ హాలుకి వెళ్లు. బాగుచేశాకే బయటికి రా."

అమీర్‌పేట మెట్రో దిగి నడుస్తుంటే పెట్టె బరువు చేతిని లాగుతోంది. ఇద్దరు కలిసి ఒక పిల్ల చేయి తలుపులో పెట్టినవాళ్లు, ఇప్పుడు తన చేయి దొరికితే ఊరుకుంటారా? ఈ సంగతి ఆమెకు పోచమ్మ గుడి మలుపు తిరిగేటప్పుడు తట్టింది. వెనక్కి పోదామా అనుకుంటూనే హాలు మెట్లెక్కింది.

లోపల సన్నాయి మోగుతోంది. ముందు వరసలో సోఫాలు. తెల్ల పంచె కట్టుకున్న ఒక పెద్దమనిషి సోఫా అంచుకు, ఎవరి చోటో తీసుకున్నట్టు ముడుచుకుని కూర్చున్నాడు. తలుపు దగ్గర దుర్గేష్ వచ్చేవాళ్లకు పన్నీరు చల్లించి లోపలికి పంపుతున్నాడు. ప్రమోదను చూసి, "రండి రండి, మీ కోసమే చూస్తున్నం" అని తానే పక్కగదిలోకి తీసుకెళ్లాడు. తను మాత్రం గుమ్మంలోనే నిలబడిపోయాడు.

మంజుశ్రీ పట్టుచీరలో, అద్దం ముందు కూర్చుని ఉంది. కుడిచేయి హైమవతి ఒళ్లో ఉంది. ఉంగరపువేలి గోరు మొదట్లో లేచి, కింద నల్లటి సందు కనిపిస్తోంది.

"అంటించు" అంది హైమవతి. "గట్టిగ. ఇగ మళ్లొకసారి చెప్పిచ్చుకోకు."

ప్రమోద పెట్టె తెరిచింది. పెట్టెలో జిగురు ఉంది. ఒక్క చుక్క వేసి నొక్కితే చాలు, సాయంత్రం దాకా ఏనుగు లాగినా రాదు. హైమవతి ఆమె చేతులనే చూస్తోంది. గుమ్మంలోంచి దుర్గేష్ చూస్తున్నాడు. మంజుశ్రీ మాత్రం ఎటూ చూడటం లేదు.

"ఒక్కదాన్ని అంటిస్తె లాభం లేదు మేడమ్. కిందికి గాలి పోయింది. నాలుగూ తీసి మళ్ల పెట్టాలె" అంది ప్రమోద. జవాబు కోసం ఆగకుండా పుషర్ కొసను గోటికింద దూర్చి కొద్దిగా తిప్పింది. నూనె మీద కూర్చున్న గోళ్లు పండిన సీతాఫలం తొక్కలా వచ్చేశాయి. ఒకటి, ఇంకొకటి. నాలుగు ఎర్రగోళ్లూ తువ్వాలు మీద పడ్డాయి. నల్లటి వేళ్లు పట్టుచీర మీద బయటపడ్డాయి.

"జల్ది, జల్ది" అంది హైమవతి.

అదే సమయానికి గుమ్మంలో దుర్గేష్ గొంతు వినిపించింది. "అత్తమ్మా, తయారైతుంది, జరసేపు ఆగుండ్రి." కానీ చేతిలో మల్లెపూల దండతో ఉన్న ముసలామె, "పూలు పెట్టి పోత అల్లుడా" అంటూ అతని చేతికింది నుంచి దూరి వచ్చేసింది. కాంతవ్వ, మంజుశ్రీ తల్లి.

కూతురి చేయి చూసింది. దండ కిందికి జారింది.

ఇక అయిపోయింది, చూసేసింది, అనుకుంది ప్రమోద. కానీ కాంతవ్వ గబగబా ముందుకొచ్చి, తన కొంగు లాగి, ఆ చేతిని దాంట్లో చుట్టేసింది.

"జల్ది పెట్టు బిడ్డా" అంది ప్రమోదతో, గుసగుసగా. "నలుగురు చూస్తరు. దీని బాపు చూసిండంటె తట్టుకోడు."

మంజుశ్రీ తన తల్లి మొహంలోకి చూసింది. హైమవతి నిట్టూర్చి, "గట్ల జెప్పు వదినా. పరాకు పిల్ల, కారు డోర్ల పెట్టుకున్నది" అంది.

బయట సన్నాయి నడుస్తోంది. పెట్టెలోని సీసాలను ప్రమోద అటూ ఇటూ సర్దింది. ఏం చేయాలో ఆమెకు తోచలేదు. నోటివెంట మాట వచ్చేదాకా ఏం అంటుందో ఆమెకే తెలియలేదు.

"చెయ్యి కడుక్కొని రావాలె మేడమ్."

"ఏంది?"

"సబ్బుతోటి. పాత జెల్ జిడ్డు మొత్తం పోవాలె. జిడ్డు ఉంటె మళ్ల ఊడుతది. మీ ఇష్టం."

"బాటిల్ నీళ్లున్నయి గద."

"పారే నీళ్ల కింద రుద్ది కడగాలె మేడమ్. గట్ల కడగకనే ఇది ఊడింది."

ఆ గదిలో నల్లా లేదు. చేతులు కడిగే తొట్లు ముందు వరస సోఫాలు దాటి, భోజనాల వైపున్నాయి. హైమవతి కొడుకు వైపు చూసింది. దుర్గేష్ ఒక్క క్షణం ప్రమోద మొహాన్నే చూసి, పక్కకు జరిగాడు. "కొంగు కప్పి తీస్కపో అమ్మా. ఊడకుంట ఉండాలె."

ముగ్గురూ బయల్దేరారు. ఒకవైపు హైమవతి, ఇంకోవైపు కాంతవ్వ, కొంగులో చుట్టిన చేతితో మధ్యలో మంజుశ్రీ. చూసేవాళ్లకు, తల్లీ అత్తా చెరోవైపు పట్టుకుని నడిపిస్తున్న అదృష్టవంతురాలు. ప్రమోద గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

ముందు వరస సోఫాల దగ్గర మంజుశ్రీ ఆగింది. కాంతవ్వ రెండడుగులు ముందుకు వేసేసింది. కొంగు సాగింది. మంజుశ్రీ చేయి వెనక్కి లాక్కుంది, బాధకు మొదటిసారి పైకే మూలిగింది. ఆ చేతిని తీసుకెళ్లి తెల్లపంచె పెద్దమనిషి మోకాలి మీద పెట్టింది.

మంజుశ్రీ తండ్రి భిక్షపతి మొదట నవ్వాడు. తర్వాత జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. కూతురి చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, గుడ్డ నేతలో తెగిన పోగును వెతికేవాడిలా దగ్గరగా పట్టుకుని చూశాడు.

దుర్గేష్ అప్పటికే వచ్చేశాడు. "కారు డోర్ పడ్డది మామా. నీకు ఫికరు ఎందుకని చెప్పలేదు."

"అట్లనా" అన్నాడు భిక్షపతి. చేయి వదల్లేదు. అల్లుడి వైపు చూడలేదు. "డోర్ పడంగనే చెయ్యి గుంజుకోవద్దా బిడ్డా? నాలుగు వేళ్లు పడేదాక ఉంటరా?"

తిట్టలేదు, అనుమానంగా కూడా అడగలేదు. చిన్నపిల్ల కింద పడితే పెద్దవాళ్లు అడిగినట్టు అడిగాడంతే.

"గుంజుకోనియ్యలె బాపు" అంది మంజుశ్రీ. "పట్టుకున్నరు."

సన్నాయివాళ్లు ఆపలేదు కానీ చుట్టూ రెండు వరసలవాళ్లు ఇటు తిరిగారు. భిక్షపతి తల ఎత్తాడు. కూతురి పక్కన, ఇంకా ఆమె రెండో మణికట్టును వదలని హైమవతి చేయి కనిపించింది. దాన్ని కొంతసేపు చూశాడు. హైమవతి చేయి తీసేసింది.

భిక్షపతి కళ్లద్దాలు జేబులో పెట్టుకుని లేచాడు. మోకాళ్లు పట్టుకుని, కష్టంగా.

"చెప్పులు ఏడ ఇడిసినవ్ బిడ్డా?"

"మామా, ఏం మాటలివి. కూసో. భోజనం చెయ్యి, ఇంటికి పోయినంక మాట్లాడుదం" దుర్గేష్ నవ్వు చెదరలేదు. గొంతు మాత్రం తగ్గింది. "నలుగురు చూస్తుండ్రు."

"చూడనియ్యి."

కాంతవ్వ ఎటూ కదలకుండా నిలబడిపోయింది. కొంగు ఇంకా అలాగే, చేయి చుట్టిన మడతలతో వేలాడుతోంది. మొగుడిని చూసింది. కూతురిని చూసింది. అల్లుడు మరో అడుగు ముందుకు వేయబోతుంటే, ఆమె ఒక్కసారిగా కదిలి, అతన్ని దాటి గుమ్మం వైపు నడిచింది. అక్కడ విడిచిన చెప్పుల కుప్ప ముందు పట్టుచీరతోనే గొంతుక్కూర్చుంది. జరీ చెప్పులూ, తోలు చెప్పులూ అటూ ఇటూ విసిరేస్తూ వెతికింది. ఒకటి దొరికింది. దాన్ని గుండెకు ఆనించుకుని రెండోదాని కోసం వెతుకుతోంది.

*

ప్రమోద సామాను సర్దుకుని మెట్లు దిగేసరికి వాళ్లు ముగ్గురూ రోడ్డు మీద ఉన్నారు. భిక్షపతికి ఎటు పోవాలో తెలియలేదు.

"దవఖాన ఏడున్నది బిడ్డా? ముందుగాల చెయ్యి చూపెట్టాలె."

"పంజాగుట్టల పెద్దది ఉంది బాపు. ఎట్ల అయిందో డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పుండ్రి. రాసి ఇయ్యమనుండ్రి." ప్రమోద ఆటో ఆపి ఎక్కించింది. మంజుశ్రీ ఆమె వైపు చూసి ఏదో అనబోయింది కానీ ఆటో కదిలిపోయింది.

ఆటో మెట్రో స్తంభాల వెనక మాయమయ్యాక దుర్గేష్ వచ్చాడు. పరుగెత్తలేదు. కారు తాళాన్ని వేలికి తిప్పుతూ ఒక్కో మెట్టే దిగి, ఆమె పక్కన నిలబడి, తను కూడా రోడ్డుకేసి చూశాడు.

"ఎటు పోయిండ్రు?"

"చూడలేదు సార్."

"సనత్‌నగర్ గదా మీది?" అన్నాడు అదే మెత్తని గొంతుతో.

తన ఇల్లెక్కడో ప్రమోద అతనికి ఎప్పుడూ చెప్పలేదు. తాళం తిప్పుతూనే అతను కారు వైపు నడిచి వెళ్లాడు. ఆమె తల్లికి ఫోన్ చేసి తలుపు గడియ వేసుకొమ్మని చెప్పింది. పెట్టేయగానే మళ్లీ మోగింది. దివ్యశ్రీ పేరు.

ఎత్తకపోతే మోగి మోగి ఆగిపోతుంది. రేపు స్టూడియోకి పోయాక ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. గోరు పాతదని, చేతికి చెమట ఎక్కువని, చెప్పడానికి సవాలక్ష ఉన్నాయి. ప్రమోద పెట్టెను కింద పెట్టి ఫోన్ ఎత్తింది.

"ఏమైంది ప్రమోదా? ఆవిడ ఫోన్ ఎత్తడం లేదు. సరిగ్గా అంటిందా?"

"లేదు మేడమ్" అంది. "నేనే అంటించలేదు. నిన్న సుత."

పైన మెట్రో రైలు ఒకటి స్టేషన్‌లోకి వచ్చి ఆగింది. ప్రమోద ఫోన్ చెవికి ఆనించుకునే, దివ్యశ్రీ ఏమంటుందో వినడానికి నిలబడింది.